పాలేరు అవతలి పైలట్

మన ఊరి పేరే ఒక కొడుకు తన తండ్రిని తలుచుకున్న గుర్తు. బేతవోలు అనే పాత ఊరిని పెద్ద పట్టణంగా తీర్చిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దానికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టుకున్నాడు. రెండు వందల ఏళ్ళు దాటినా బస్సు బోర్డు మీద, రేషన్ కార్డు మీద, మన పదో తరగతి సర్టిఫికెట్ మీద ఆ తండ్రి పేరే కనిపిస్తుంది. అందరికీ ఊళ్ళు కట్టే స్తోమత ఉండదు. మామూలు సంసారులు తండ్రుల్ని మాటల్లో దాచుకుంటారు. ఆ మాటలు ఒక తరం దాకా బాగానే నిలుస్తాయి, రెండో తరానికి సగం అవుతాయి, మూడో తరానికి "మా ముత్తాత మిలట్రీలో చేశాడట" అన్న ఒక్క ముక్క మిగులుతుంది.

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగారు. ధనంబోడు స్తూపం గురించి, ముక్త్యాల కోట గురించి రాయగల పెద్దలు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను యంత్రాల మధ్య బతికిన ఇంజనీరుని. అందుకని నాకు చేతనైన దారిలో, మన తండ్రుల, తాతల కాలంలో మన నెత్తిమీది ఆకాశంలో జరిగిన యుద్ధం గురించి, ఆ యుద్ధంలో విమానం నడిపిన మన పొరుగింటి మనిషి గురించి రాస్తున్నాను. ఆయన ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్. ఆయన పుట్టింది హైదరాబాదులో. కానీ ఆయన పేరు నేను మొదట విన్నది మన బడిలోనే.

బోర్డు మీద రాసిన పేరు

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. 1982 చివర మన క్రికెట్ జట్టు పాకిస్తాన్ వెళ్ళింది. ఇమ్రాన్ ఖాన్ బంతులకు మనవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పెవిలియన్ దారి పట్టిన రోజులు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే కిళ్ళీకొట్టు రేడియో దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. సిరీస్ పోయిందని ఖాయమైన రోజున మా తరగతిలో ఒకడు, మా బెంచీలో కూర్చునే ముస్లిం మిత్రుడితో, "మీవాళ్ళు గెలిచారుగా, ఇంట్లో సేమ్యా వండుకున్నారా?" అన్నాడు. కొందరు నవ్వారు. ఆ మిత్రుడు తలొంచుకుని పుస్తకం తెరిచాడు. వాడి తండ్రి మనందరి సైకిళ్ళూ బాగుచేసే మనిషి.

సోషల్ మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన బెత్తం తియ్యలేదు, కేకలెయ్యలేదు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఇద్రీస్ హసన్ లతీఫ్" అని రాసి, "ఈయనెవరో రేపు వచ్చేటప్పుడు తెలుసుకుని రండిరా" అని పాఠంలోకి వెళ్ళిపోయారు.

మాలో సగం మందికి దొరకలేదు. మిగతావాళ్ళు "మహారాష్ట్ర గవర్నర్ అండీ" అన్నారు. అప్పటికి ఆయన గవర్నరే. "అంతకుముందు?" అన్నారు మాస్టారు. ఎవరూ పలకలేదు. అప్పుడాయన పావుగంట చెప్పారు. చివర, నవ్విన వాళ్ళ వైపు చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "నువ్వు ఎవరివాడివి అని అడగడం చాలా తేలికరా. ఆ ప్రశ్నకి పాతికేళ్ళైనా నిండకుండా జవాబు చెప్పి, బతికినంతకాలం ఆ జవాబు మీద నిలబడ్డం ఎంత కష్టమో తెలిస్తే ఎవరూ ఇంకొకర్ని అడగరు."

ఆ పావుగంట పాఠానికి, ఆ తర్వాత నలభై ఏళ్ళలో నేను చదివి తెలుసుకున్నది చేర్చి ఇక్కడ పెడుతున్నాను.

ఏటికి రెండు ఒడ్లు

ఇప్పటి పిల్లలకు గరికపాడు దగ్గర పాలేరు అంటే రెండు రాష్ట్రాల మధ్య చెక్‌పోస్టు. మన తాతలకు అది అంతకన్నా పెద్ద గీత. ఇవతల ఇంగ్లీషువాడి మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల నైజాం. ఇవతల చెల్లేది కల్దారు రూపాయి, అవతల హాలీ సిక్కా. సరుకు గీత దాటాలంటే కరోడ్‌గిరి వాళ్ళకి సుంకం కట్టాలి. చుట్టరికాలు మాత్రం గీతను పట్టించుకునేవి కావు. మన నందిగామ తాలూకాకే ఒక విచిత్రం ఉండేది. చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో ద్వీపంలా మునగాల పరగణా మాత్రం మన కృష్ణా జిల్లాది. తర్వాత అది నల్లగొండ జిల్లాలో కలిసింది.

ఈ గీతకు రెండు పక్కలా ఉన్న ప్రజల పేర్లూ యుద్ధంలో విమానాల మీదికి ఎక్కాయి. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు వచ్చాయి. దాని పేరులో హైదరాబాదు చేరింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాదు పేరే పెట్టారు. దాని ముద్రలో ఉన్నది నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్ విమానాలతో ఇంగ్లండు ఆకాశాన్ని కాపాడింది. ఇక మన వైపు చూస్తే 79వ స్క్వాడ్రన్ పేరు మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్. అంటే పాలేటికి అవతలి పేరూ ఇవతలి పేరూ కూడా విమానాల రెక్కలెక్కి తిరిగాయి. ఆ మూడు స్క్వాడ్రన్లూ తర్వాత బర్మా యుద్ధానికే వచ్చాయి. పేర్లు మనవి, డబ్బు మన నేలది, లోపల కూర్చున్నవాళ్ళు మాత్రం ఎక్కువగా తెల్లవాళ్ళు. మనవాళ్ళు కూర్చునే రోజు కోసం ఇంకా కొంతకాలం ఆగాల్సి వచ్చింది.

భారత వైమానిక దళం పుట్టింది 1932 అక్టోబర్ 8న. మొదటి విమానాలు ఎగిరింది మరుసటి ఏడాది కరాచీలో. నాలుగు వాపిటీ విమానాలు, వేళ్ళ మీద లెక్కపెట్టగల పైలట్లు, "హవాయ్ సిపాయి" అని పిలిచే కొద్దిమంది మెకానిక్కులు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఉన్నది ఒక్క స్క్వాడ్రన్. యుద్ధం ముగిసేసరికి తొమ్మిది. ఆ తొమ్మిదింటినీ నింపింది కాలేజీల నుంచి నేరుగా వచ్చిన పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు.

యుద్ధం మన తీరానికి వచ్చిన రోజు

మెట్టప్రాంతం వాళ్ళకి యుద్ధం మొదట్లో పేపరు కబురే. 1942 ఏప్రిల్ 6న అది కబురు కాకుండా పోయింది. ఆ రోజు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తీరమంతా గుండెలు చేతబట్టుకుంది. మద్రాసులో జనం రైళ్ళు పట్టుకుని లోపలి ఊళ్ళకు వెళ్ళిపోయారు. పట్టణాల్లో దీపాలకు ముసుగులు వేశారు. మన గన్నవరం విమానాశ్రయం సైనిక స్థావరమైంది. బేగంపేటలో కొత్త పైలట్లకు టైగర్ మాత్ అనే చిన్న రెండు రెక్కల విమానాల మీద తొలి పాఠాలు చెప్పే శిక్షణ కేంద్రం నడిచింది.

అంతకు నెల రోజుల ముందే రంగం పడిపోయింది. రంగం అంటే మనవాళ్ళ భాషలో రంగూను. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వేలాది తెలుగు కూలీలు ఆ రేవులోనూ, అక్కడి బియ్యం మిల్లుల్లోనూ పనిచేసేవారు. ఓడ టిక్కెట్టు దొరకని వాళ్ళు కొండలెక్కి, అడవులు దాటి, అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా కాలినడకన తిరుగు ప్రయాణం కట్టారు. కలరాతో, ఆకలితో దారిలోనే రాలిపోయినవాళ్ళకు లెక్క లేదు. మన తెలుగువాళ్ళు నడిచి వచ్చిన ఆ అరకాన్ కొండల మీదే, తర్వాత హైదరాబాదు కుర్రవాడు ఒకడు విమానం నడిపాడు.

వాపిటీ నుంచి హరికేన్ దాకా

లతీఫ్ గారు 1923 జూన్ 9న హైదరాబాదులో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. పద్ధెనిమిదో ఏట వైమానిక దళంలో చేరి, 1942 జనవరి 26న అధికారిగా నియమితులయ్యారు. ఆ తేదీకి అప్పట్లో ప్రభుత్వం దృష్టిలో ఏ గౌరవమూ లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత అదే రోజు గణతంత్ర దినం అవుతుందని, ఆ రోజున తానే ఢిల్లీ ఆకాశంలో విమానాలు నడిపిస్తానని ఆ కుర్రవాడు ఊహించి ఉండడు.

మొదటి ఉద్యోగం కరాచీలోని తీర రక్షణ దళంలో. అరేబియా సముద్రంలో శత్రు జలాంతర్గాములు ఉన్నాయేమో వెతకడం పని. ఇచ్చిన విమానాలు వాపిటీ, ఆడాక్స్, హార్ట్. అన్నీ రెండు రెక్కల పాతకాలపువి. వాపిటీ గంటకు రెండు వందల కిలోమీటర్ల చుట్టుపక్కల వేగం అందుకుంటే గొప్ప. పైలట్ కూర్చునే చోటికి పైకప్పు ఉండదు. ఎండా, వానా, ఉప్పుగాలీ అన్నీ మొహం మీదే. కింద చూస్తే నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఉన్నది ఒక్కటే ఇంజన్. అది దగ్గితే దిగడానికి చేనూ లేదు, చెరువుగట్టూ లేదు.

1943–44లో బ్రిటన్‌లో శిక్షణకు ఎంపికైన కొద్దిమంది భారతీయ పైలట్లలో ఆయన ఒకరు. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద యుద్ధవిద్య నేర్చుకుని 1944లో తిరిగివచ్చారు. మూడో స్క్వాడ్రన్‌లో చేరి హరికేన్ నడుపుతూ అరకాన్ యుద్ధరంగంలో పనిచేశారు.

హరికేన్ గురించి ఒక ఇంజనీరుగా రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. ముందు భాగంలో పన్నెండు సిలిండర్ల మెర్లిన్ ఇంజన్. వెనక భాగం మాత్రం ఉక్కు గొట్టాల చట్రం మీద చెక్క బద్దలు కట్టి, వాటి మీద గుడ్డ తొడిగినది. తూటా తగిలితే గుడ్డకు చిల్లి పడి అవతలికి దూసుకుపోతుంది. సాయంత్రం మెకానిక్కులు దానికి గుడ్డముక్క అతికించి, పైన లక్కలాంటి పూత పూసి, తెల్లవారేసరికి మళ్ళీ ఎగరనిస్తారు. అప్పటికే యూరప్‌లో దాన్ని మించిన విమానాలు వచ్చేశాయి. కానీ అడవిని కొట్టి చదును చేసిన మట్టిబాట మీద, వానలో, బురదలో, విడిభాగాలు సరిగా అందని చోట బాగుచేసుకోగల యంత్రమే మంచి యంత్రం. మన పల్లెల్లో ఖరీదైన ఇంజన్లు మూలపడ్డా పాత ఆయిల్ ఇంజన్ ఎందుకు నిలబడిందో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

హరికేన్ పైలట్ల పని ఎక్కువగా చెట్ల నెత్తిమీదుగా తక్కువ ఎత్తులో పోవడం. శత్రువు దాక్కున్న చోటు చూసి రావడం, కింద మన సైన్యానికి అడ్డుపడే కందకాల మీద దాడి చెయ్యడం. ఎత్తున ఎగిరేవాడికి పొరపాటు జరిగితే సర్దుకోవడానికి సమయం ఉంటుంది. చెట్లకు ఆనుకుని ఎగిరేవాడికి ఉండదు. ఒక్కో పైలట్ లేచి, పనిచేసుకుని, తిరిగి దిగేదాకా అతని మెకానిక్కు ఆకాశం వైపు చూస్తూ నిలబడేవాడట. మన ఇళ్ళలో రాత్రి బస్సు కోసం గుమ్మంలో నిలబడే ఆడవాళ్ళు నాకు గుర్తొస్తారు.

మూడు దారుల కూడలి

యుద్ధం నుంచి ప్రాణాలతో వచ్చినవాడికి అసలు పరీక్ష నేలమీద ఎదురైంది.

1947లో దేశం రెండైంది. వైమానిక దళమూ రెండైంది. విమానాలు, పనిముట్లు, కుర్చీలు, బల్లలు అన్నీ పంచారు. మనుషుల్ని మాత్రం మీరే తేల్చుకోండి అన్నారు. ముస్లిం అధికారుల్లో చాలామంది పాకిస్తాన్‌ను ఎంచుకున్నారు. లతీఫ్ గారి తోటి అధికారులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఆయన్ను తమతో రమ్మని పిలిచారు. కొత్త దళం, కొత్త దేశం, అనుభవం ఉన్న పైలట్లు తక్కువ. వెళ్ళినవాళ్ళకు పైమెట్లు తొందరగా అందుతాయి. అందాయి కూడా. అస్గర్ ఖాన్ 1957లో పాకిస్తాన్ వైమానిక దళానికి అధిపతి అయ్యాడు, 1965లో ఆయన తర్వాత నూర్ ఖాన్ అయ్యాడు. లతీఫ్ గారు రానన్నారు. తన మతం వేరు, తన దేశం వేరు, ఆ రెంటినీ ముడిపెట్టనని తేల్చి చెప్పారు.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. మా మాస్టారు ఇంకొక అడుగు ముందుకు వెళ్ళారు. అందరూ రెండు దారులనుకుంటారు గానీ ఆయన ముందున్నవి మూడు దారులన్నారు. 1947 ఆగస్టు 15న హైదరాబాదు అటు పాకిస్తాన్‌లోనూ లేదు, ఇటు ఇండియాలోనూ లేదు. నిజాం తాను స్వతంత్రుణ్ణంటున్నాడు. ఆయనకు సొంత సైన్యం ఉంది, సొంత నాణెం ఉంది, సొంత రైల్వే ఉంది, డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సొంత విమాన సంస్థ కూడా ఉంది. యుద్ధంలో ఆరితేరిన హైదరాబాదీ పైలట్‌కు అక్కడ కొలువు దొరక్కపోదు. పుట్టిన ఊరు, తెలిసిన మనుషులు, ఉర్దూ మాట, అన్నీ అటే లాగుతాయి. తన ఇల్లు ఇంకా ఏ దేశంలో ఉంటుందో తేలకముందే, ఇరవైనాలుగేళ్ళ మనిషి తన దేశం ఏదో తేల్చుకున్నాడు. ఆయన చేసిన సాహసాల్లో నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. అరకాన్‌లో పక్కన తోటి పైలట్లు ఎగిరేవాళ్ళు. ఈ నిర్ణయంలో మాత్రం ఆయన ఒంటరి.

మా నాన్న చూసిన విమానం

ఆ గీత ఇవతల ఉన్న మనకు ఆ ఏడాది ఎలా గడిచిందో మా నాన్న చెప్పేవారు. ఆయన చదివింది ఐదో తరగతి. ఆర్టీసీలో డ్రైవరుగా హైదరాబాదు రోడ్డు మీదే రిటైరయ్యారు. 1948 నాటికి ఆయనకు పదేళ్ళు. మా ఊరు ఆ రోడ్డు పక్కనే.

రజాకార్ల భయంతో అవతల నుంచి కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకుని పాలేరు దాటి వచ్చేవట. మా తాత గొడ్లసావిడి ఖాళీ చేసి రెండు కుటుంబాలకు ఇచ్చాడు. నైజాం వైపు నుంచి రకరకాల కబుర్లు. కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో నైజాంకు తుపాకులు వస్తున్నాయని కూడా అనుకునేవారు. ఆ కబురు నిజమే. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ లాంకాస్ట్రియన్ విమానాల్లో ఆ ఆయుధాలు చేరవేశాడు.

1948 సెప్టెంబర్ 13న సైన్యం నైజాంలోకి అడుగుపెట్టింది. తూర్పు నుంచి వెళ్ళిన దళం మన రోడ్డు మీదుగానే, విజయవాడ నుంచి నందిగామ, చిల్లకల్లు దాటి వెళ్ళింది. "రాత్రంతా లారీల మోతేరా అబ్బాయ్. పడుకుంటే మంచం అదిరేది" అనేవారు నాన్న. ఉదయం ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. ఆ తర్వాత సూర్యాపేట దగ్గర గట్టి పోరాటం. వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు దాడి చేశాక దారి తేలికైంది. నైజాం సేన వెనక్కి తగ్గుతూ మూసీ వంతెన పేల్చేసింది. బీదరు, వరంగల్లు విమాన స్థావరాల మీదా బాంబులు పడ్డాయి. ఐదు రోజుల్లో అంతా ముగిసింది.

నాన్న జీవితంలో మొదటిసారి విమానం చూసింది అప్పుడే, కోదాడ వైపు ఆకాశంలో. "మనవాళ్ళదేనని అందరం ఎగిరాం. సావిడిలో ఉన్న ముసలావిడ మాత్రం ఏడ్చింది. ఏమ్మా అంటే, మా ఊళ్ళో ఉన్నది కూడా మనవాళ్ళే కదయ్యా అంది." ఆ మాట నాన్న ఎప్పుడూ మరవలేదు. రజాకార్ల చేతుల్లో నలిగినవాళ్ళు మనవాళ్ళే. ఆ తర్వాత రజాకార్లతో ఏ సంబంధమూ లేకుండా, పేరు చూసి దెబ్బతిన్న ముస్లిం కుటుంబాలూ మనవాళ్ళే. ఈ రెండో సంగతి మన ఇళ్ళలో తక్కువగా చెప్పుకున్నాం.

లతీఫ్ గారు వేసుకున్నది ఆ టెంపెస్ట్ విమానాల వాళ్ళ యూనిఫారమే. ఆ విమానాలు దాడి చేసిన నేల ఆయన పుట్టిన రాజ్యం. ఎనిమిదో తరగతిలో విన్న కథ నాకు పూర్తిగా అర్థమైంది ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే. తన దేశం ఏదో తేల్చుకోవడానికి ఒక సంతకం చాలు. ఆ సంతకం బరువు మాత్రం ఇలాంటి రోజుల్లో తెలుస్తుంది.

పైకి ఎక్కిన మెట్లు

ఆ తర్వాతి కథ మన పుస్తకాల్లోకి ఎక్కాల్సినంత పెద్దది. నాలుగో స్క్వాడ్రన్‌కు నాయకుడిగా 1950 జనవరి 26న, తొలి గణతంత్ర దినోత్సవాన, ఢిల్లీ మీదుగా టెంపెస్ట్ విమానాల కవాతు నడిపారు. 1960ల మొదట్లో వాషింగ్టన్‌లో మన రాయబార కార్యాలయంలో వైమానిక ప్రతినిధిగా ఉన్నారు. 1971 యుద్ధంనాటికి ప్రధాన కార్యాలయంలో ప్రణాళికలు చూసే అధికారి. ఆయన చేరకూడదనుకున్న దళంతో రెండు యుద్ధాలు జరిగాయి. ఒకప్పటి స్నేహితులు అవతల ఉన్నారు. 1978 ఆగస్టు 31న భారత వైమానిక దళానికి అధిపతి అయ్యారు. ఆ పదవికి వచ్చిన తొలి ముస్లిం ఆయన. మూడేళ్ళ పదవీకాలంలో జాగ్వార్ విమానాలు మన దళంలోకి వచ్చాయి, మిగ్-23, మిగ్-25 ఒప్పందాలు నడిచాయి. పదవి వదిలే ముందు మిగ్-25లో తానే ఎగిరారు.

ఒక ఇంజనీరుగా నాకు ఒళ్ళు పులకరించేది ఇక్కడే. పైకప్పు లేని వాపిటీతో మొదలైన మనిషి, ధ్వనివేగానికి రెండున్నర రెట్లు మించి పోగల విమానంతో ముగించాడు. మధ్యలో నలభై ఏళ్ళు కూడా నిండలేదు. రేకులు, రెక్కలు, ఇంజన్లు అన్నీ మారాయి. లోపల కూర్చున్న మనిషి ఇచ్చిన మాట మాత్రం 1947లో ఏదో, 1981లోనూ అదే.

రిటైరయ్యాక మహారాష్ట్ర గవర్నర్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో రాయబారి. 1988లో హైదరాబాదు తిరిగివచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి, ధారావి పేదల మధ్య పనిచేసిన సంఘసేవకురాలు, పద్మశ్రీ గ్రహీత. భర్త జీవితాన్ని ఆమే ఒక పుస్తకంగా రాశారు, పేరు "ది లాడర్ ఆఫ్ హిజ్ లైఫ్". ఆమె 2017లో పోయారు. కొద్ది నెలలకే, 2018 ఏప్రిల్ 30న, తొంభై నాలుగేళ్ళ వయసులో ఆయన కూడా హైదరాబాదులోనే కన్నుమూశారు. నాన్న నడిపిన బస్సు దిగి సిటీలో తిరిగిన ఎన్నోసార్లు ఆయన ఉన్న ఊళ్ళోనే మనం ఉన్నాం. మన ప్రాంతపు పిల్లల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారో ఈ సంచిక చదివే ఉపాధ్యాయులు ఒకసారి తరగతిలో అడిగి చూడండి.

ట్రంకుపెట్టె అడుగున ఏముంది?

లతీఫ్ గారి జీవితాన్ని ఇంట్లోవాళ్ళు పుస్తకంగా రాసి నిలబెట్టారు. మరి మన ఇళ్ళ సంగతి?

ఒక పైలట్ ఎగరాలంటే కింద ఎంతోమంది కావాలి. ఇంజన్ విప్పేవాడు, గుడ్డ అతికేవాడు, పెట్రోలు డబ్బాలు మోసేవాడు, రేడియో దగ్గర కూర్చునేవాడు, వంటవాడు, లెక్కలు రాసేవాడు. రెండో ప్రపంచయుద్ధంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, నైజాం నుంచి ఇలా వెళ్ళినవాళ్ళు చాలామంది. వాళ్ళు తిరిగివచ్చి వ్యవసాయం చేసుకున్నారు, బడుల్లో డ్రిల్లు మాస్టార్లయ్యారు, రైల్వేలో చేరారు. ఎక్కువ మాట్లాడలేదు. మా వీధిలో ఒక తాత ఉండేవాడు. రేడియో పాడైతే అందరూ ఆయన దగ్గరికే వెళ్ళేవాళ్ళు. ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నాడని ఒక్కరం కూడా అడగలేదు. ఆయన పోయాక కొడుకులు పెట్టె తెరిస్తే అడుగున ఆరు కోణాల కంచు నక్షత్రం దొరికింది. బర్మా యుద్ధంలో పనిచేసినవాళ్ళకు ఇచ్చే బర్మా స్టార్ అది. అప్పటికి ఆ కథ చెప్పే మనిషి లేడు.

కాబట్టి ఈ యాభయ్యో ఏట మన సంఘానికి నాదొక మనవి. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళలో, అవతల కోదాడ, మునగాలలో ఉన్న మన పూర్వ విద్యార్థులందరూ ఒక్క ఆదివారం ఇంటి అటక మీద, పాత పెట్టెల్లో వెతకండి. తండ్రిదో, తాతదో సర్వీసు పుస్తకం, డిశ్చార్జి కాగితం, ఫోటో, పతకం, ఉత్తరం, ఏది దొరికినా సరే. వస్తువు మీ దగ్గరే ఉంచుకోండి. దాని ఫోటో, ఆ మనిషి పేరు, ఊరు, ఆయన గురించి ఇంట్లో చెప్పుకునే నాలుగు మాటలు సంఘానికి ఇవ్వండి. పెద్దవాళ్ళు ఇంకా ఉన్న ఇళ్ళలో వాళ్ళ మాట ఫోన్‌లో రికార్డు చెయ్యండి. 1948లో పదేళ్ళున్నవాళ్ళు ఇప్పుడు తొంభైకి దగ్గర్లో ఉన్నారు. మా నాన్న మాట నేను రికార్డు చెయ్యలేదు. అప్పటికి జేబులో ఫోను ఉండే కాలం కాదు. మీకు ఆ ఇబ్బంది లేదు.

వచ్చిన వివరాలన్నీ వరసగా పేర్చి, కంప్యూటర్‌లో ఎక్కించి, ఒక పుస్తకంగా కుట్టించి బడి లైబ్రరీలో పెట్టే పని నేను చేస్తాను. ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది. మొదటి పేజీలో లతీఫ్ గారి జీవితం ఉంటుంది. రెండో పేజీ నుంచి మీ నాన్నలు, మీ తాతలు. ఇందులో కులమూ లేదు, మతమూ లేదు, పాలేటికి ఇవతలా అవతలా అన్న తేడా లేదు.

ఆ రోజు తలొంచుకున్న మా బెంచీ మిత్రుడు ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేసి ఈ సంగతి చెబితే, వాళ్ళ తాత ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో లారీ మెకానిక్కుగా ఇంఫాల్ దాకా వెళ్ళాడని మొదటిసారి చెప్పాడు. సైకిలు కొట్టు పెట్టింది ఆ తాతేనట. నలభై ఏళ్ళుగా స్నేహితులం. నేను అడగలేదు, వాడు చెప్పలేదు. వచ్చే నెల ఊరికి వస్తూ తాత ఫోటో తెస్తానన్నాడు. పుస్తకంలో మొదట చేరేది అదే. తర్వాతిది మీది.